నలభై ఒకటో బిళ్ళ

హలో, వినబడుతోందా? వినబడితే చాలు. అందరూ బాగున్నారా? పొయ్యి మీద ఏమన్నా పెట్టి ఉంటే ముందు కట్టేసి రండమ్మా, నేను ఆగుతాను. మాడితే మాట పడేది మీరే కదా. వచ్చేశారా? సరే, చెబుతాను.

ఆ మధ్యాహ్నం నేను పట్టకారు పుచ్చుకుని మా ఆయన కోటు మీద వంగి కూర్చున్నాను. కోటు చేతుల చివర గరగరలాడుతూ అంటుకునే పట్టీ ఉంటుంది చూడండి, దాంట్లో గడ్డిగింజలు, నూలుపోగులు, ఎప్పటెప్పటి చెత్తో ఇరుక్కుంటుంది. దాన్ని ఒక్కొక్క పోగే లాగుతున్నాను. ఇందులో వింతేముంది, ఇంట్లో రోజూ చేసేదేగా అంటారేమో. నేను కూర్చున్నది ఇంట్లో కాదు, ఓడలో. గుండ్రటి కిటికీ అవతల ఇళ్ళంతేసి మంచుగడ్డలు, ఎవరో వెనకనుంచి మెల్లగా తోస్తున్నట్టు జరిగిపోతున్నాయి. కొన్ని తెలుపు, కొన్ని లోపల దీపం పెట్టినట్టు నీలం. భూగోళాన్ని బంతిలా పట్టుకుంటే మన అరచెయ్యి ఆనే చోటుంటుందే, అడుగున, అక్కడికి వెళ్తోంది ఆ ఓడ. చిన్న ఓడ. పెద్ద ఓడలు దూరలేని సందుల్లోకి దూరి, రబ్బరు పడవల్లో మనల్ని మంచు నేల మీదికి దింపుతుంది. అక్కడ మన ఊళ్ళ గింజ ఒక్కటి కూడా పడకూడదట. పడితే మొలుస్తుందట, మొలిస్తే ఆ నేల పాడవుతుందట. అందుకని దిగేముందు ఎవరి కోటు వాళ్ళు, ఎవరి బూట్లు వాళ్ళు శుభ్రం చేసుకోవాలి.

ఎవరివి వాళ్ళు అని గైడ్లందరికీ పెద్ద అయిన ఆవిడ స్పష్టంగా చెప్పింది. ఎప్పుడూ ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకుంటుంది కాబట్టి ఓడలో అందరూ ఆవిడని ఎర్రటోపీ అనేవాళ్ళు. మా ఆయన కోటు వెలుతురులో తిప్పి చూసి, "భలే శుభ్రం చేశారండీ" అంది. మా ఆయన నవ్వి, "నాదేముందండీ, మా ఆవిడ పనితనం" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఎర్రటోపీ మాత్రం నవ్వలేదు. నా వేళ్ళకేసి ఒకసారి చూసి, పక్క కోటు తీసుకుంది.

ఇంతకీ మాలాంటివాళ్ళం అంత దూరం ఎలా వెళ్ళామంటారా? మా ఆయన ఆసుపత్రి సామాన్లు అమ్మే కంపెనీలో పనిచేస్తారు. ఆ ఏడు అందరికంటే ఎక్కువ అమ్మారని కంపెనీ వాళ్ళు ఇద్దరికి టికెట్లిచ్చారు. ఇద్దరికి అని రాసి ఉన్నా, ఆ రెండో మనిషి ఎవరా అని ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. "దాన్నెందుకురా అంత దూరం, వర్షం పడితేనే తుమ్ముతుంది" అన్నారు అత్తయ్య. తమ్ముణ్ణి తీసుకెళ్తే పోలా అన్నారు. చివరికి మా ఆడపడుచు తేల్చింది. "అదేంటమ్మా, వదిన వెళ్ళకపోతే అక్కడ అన్నయ్యకి సాక్సులు ఎవరు వెతికిపెడతారు?" ఆ మాటతో నా టికెట్ ఖాయమైంది. మా ఆయన సాక్సులకి నేను రుణపడి ఉన్నానన్నమాట.

కానీ వాళ్ళకి తెలియని సంగతొకటుంది. మా వంటింట్లో ఉప్పుడబ్బా అడుగున, అలమర మీద పరిచిన పాత పత్రిక కాగితంలో ఒక మంచుకొండ బొమ్మ ఉంది. ఎప్పటిదో. కాగితాలన్నీ మార్చినా ఆ ఒక్కటీ మార్చలేదు. ఉప్పు తీసినప్పుడల్లా డబ్బా కొంచెం జరిపి చూసేదాన్ని. కూర అడుగంటుతున్నా, బయటనుంచి అరుపులు వినబడుతున్నా ఆ కొండ మాత్రం చల్లగా, ఎవరితోనూ పని లేనట్టు ఉండేది. ఒక్కోసారి నిజంగానే చేతివేళ్ళకి చల్లగా తగిలేది. ఇదంతా ఎవరితోనూ అనలేదు. అంటే, "ఉప్పు ఎక్కువైందంటే ఎందుకవదూ!" అంటారు.

ఓడలోనూ ఇంట్లోలాగే గడిచింది మొదట్లో. భోజనాల గదిలో వడ్డించే పిల్ల వచ్చి ఏం తీసుకుంటారని అడిగితే మా ఆయన తనకేం కావాలో చెప్పి, "ఆవిడకీ అదే" అనేవారు. ఆ మాట నాకు కొత్తేం కాదు. హోటల్లో ఆవిడకీ అదే. డాక్టరు దగ్గర నా కడుపునొప్పి ఆయనే చెబుతారు. బ్యాంకులో "ఇక్కడొక సంతకం పెట్టు" అని వేలితో చూపిస్తారు, పైన ఏం రాసుందో చదివేలోపు కాగితం లాగేస్తారు. ఏదైనా పార్సిలొస్తే నా పేరు ఆయనే గీకేస్తారు. చెడ్డమనిషి కాదండోయ్, ఒక్క దెబ్బ వెయ్యలేదు, తాగరు. నా పనంతా తనే చేసేస్తున్నానని పాపం ఆయన అనుకుంటారు. నేను కళ్ళాసుపత్రిలో చీటీలిచ్చే చోట పనిచేస్తాను. పొద్దున్నుంచీ అందరి పేర్లూ గొంతు పోయేలా పిలుస్తాను. నన్ను మాత్రం అక్కడ 'కౌంటర్' అంటారు. "కౌంటర్‌ని అడగండి", "కౌంటర్, టీ చెప్పమ్మా." ఇంటికొస్తే 'ఇదిగో'. అత్తయ్యకి 'అది'. నా పేరు రేషను కార్డులో ఉందనుకుంటాను.

ఇక బిళ్ళల సంగతి. ఓడ దిగే మెట్ల దగ్గర గోడకి ఒక పలక ఉంది. దాని నిండా చిన్న మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో గుండ్రటి బిళ్ళ. ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. రెండువైపులా మన నంబరు. దిగేటప్పుడు ఎర్రవైపు తిప్పాలి, తిరిగొచ్చాక తెల్లవైపు తిప్పాలి. మా ఆయనది నలభై, నాది నలభై ఒకటి. ఎర్రటోపీ మొదటిరోజే అందరినీ పలక ముందు నిలబెట్టి చెప్పింది. "ఒక్క బిళ్ళ ఎర్రగా ఉన్నా ఓడ కదలదు. మనిషొచ్చేదాకా అందరం ఆగుతాం. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి. మొగుడిది పెళ్ళాం తిప్పడాలు, పెళ్ళాందాన్ని మొగుడు తిప్పడాలు ఇక్కడ కుదరవు." అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక్క మనిషి రాకపోతే ఇంత ఓడా ఆగుతుందట! మా ఇంట్లో భోజనాలప్పుడు అత్తయ్య కంచాలు చూసి, "అందరూ వచ్చినట్టేనా, ఇక పెట్టెయ్" అంటారు. ఆ అందర్లో నేనుండను. వడ్డించేదాన్ని కదా. పలక మీద నా బిళ్ళ, మా ఆయన బిళ్ళ పక్కనే, అంతే సైజులో వేలాడుతోంది. ఎవరూ చూడకుండా ఒకసారి వేలితో తాకి చూశాను.

కోటు గింజలేరిన ఆ సాయంత్రమే ఒక దీవి మీద దిగాం. పెంగ్విన్ల కాలనీ. కంపు మాత్రం అడక్కండి, చేపల బజారులో నిద్రపోయి లేచినట్టే. కానీ ఎంత ముచ్చటో. ఒకాయన గుడ్డు మీద కూర్చుని ఉంటే ఆవిడ సముద్రంలో ఈతకొట్టి, కడుపునిండా తిని, తీరిగ్గా ఒళ్ళు ఊపుకుంటూ వస్తోంది. వచ్చాక ఇద్దరూ మెడలు చాచి ఏదో అనుకుని చోటు మారారు. ఇప్పుడు ఆవిడ గుడ్డు మీద, ఆయన సముద్రానికి. "ఏమండీ, చూశారా" అన్నాను. మా ఆయన ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం వెతుకుతున్నారు. కాసేపటికి చలికి ముక్కు ఎర్రబడి, "నేను వెళ్తున్నా. నువ్వు వెనక పడవలో వచ్చెయ్" అని వెళ్ళిపోయారు.

గైడ్లు జెండాలు పాతిన హద్దులోపలే, గాలి తగలని ఒక బండ వెనక కూర్చున్నాను. ఒళ్ళంతా వెచ్చటి కోటు. ఎదురుగా నీళ్ళలో తేలే మంచుముక్కలు పెటపెటమని చిన్నగా చిటపటలాడుతున్నాయి. ఎన్నో ఏళ్ళ కిందట మంచులో చిక్కుకుపోయిన గాలి ఇప్పుడు బయటికొస్తోందట, అదీ ఆ చప్పుడు. అన్నేళ్ళు బిగబట్టి ఉంచిన గాలి. ఎవరూ పిలవట్లేదు. పాలు పొంగట్లేదు. కుక్కర్ కుయ్యోమనట్లేదు. పగలు పూట కన్ను మూస్తే ఒళ్ళు బద్ధకం అనేవాళ్ళు లేరు. ఆ వెలుతురు కూడా వింతే, సాయంత్రమో పొద్దునో తెలియదు, చీకటి పడనే పడదు. ఉప్పుడబ్బా జరిపి చూసినట్టు కళ్ళు కొంచెం తెరిచి కొండని చూడటం, మళ్ళీ మూసుకోవడం. మా అమ్మ నా జుట్టు చిక్కు తీస్తోంది, వేళ్ళు చల్లగా ఉన్నాయి, పేరు పెట్టి పిలుస్తోంది. ఊఁ అన్నాను. అన్నాననే అనుకుంటాను.

లేచేసరికి పొగమంచు. జెండాల్లేవు, పడవ లేదు, గైడ్లు లేరు. నీళ్ళ మీద ఓడ ఉండాల్సిన చోట ఓడ లేదు.

మొదట భయమెయ్యలేదంటే నమ్ముతారా? మొదట అనిపించింది, అయ్యో, ఆయన కంటి చుక్కలమందు నా సంచిలో ఉండిపోయిందే అని. చూశారా, ఎంత పాడు అలవాటో. ఆ తర్వాత వచ్చింది భయం. ఒడ్డుకి పరుగెత్తాను. అరిచాను. పొగమంచు నా గొంతుని దూదిలా మింగేసింది. ఒక పెంగ్విన్ మెడ తిప్పి నన్ను చూసి, ఈవిడకేమైంది అన్నట్టు నడిచిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది బిళ్ళ. నాది ఎర్రగా ఉంటుంది. ఎర్రగా ఉంటే ఓడ కదలదు. మరి ఓడ ఎలా కదిలింది? అంతలోనే సమాధానం తట్టింది. మెట్ల మీద ఆయన నిలబడి, తన బిళ్ళ తిప్పి, పక్కనున్నది కూడా అదే ఊపులో తిప్పి, చేతులు రుద్దుకుంటూ టీ తాగడానికి లోపలికి వెళ్ళడం కళ్ళకి కట్టింది. ఆవిడకీ అదే.

ఒడ్డున కూర్చున్నాను. ఏడవలేదు, కన్నీళ్ళు గడ్డకడతాయేమోనని కాదు, ఎందుకో రాలేదు. నా పేరు గుర్తుచేసుకున్నాను. మెల్లగా అన్నాను. తర్వాత కొంచెం గట్టిగా. తర్వాత ఆసుపత్రిలో పేషెంట్లని పిలిచినట్టు, గొంతు చించుకుని, ఇంటిపేరుతో సహా, పుట్టింటి పేరుతో సహా పిలిచాను. కొండ దాన్ని తిరిగి నాకిచ్చింది. నన్ను పేరు పెట్టి పిలిచిన వాళ్ళలో చివరిది మా అమ్మ అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ కొండ.

తర్వాత పడవ చప్పుడు వినబడింది. ముందు ఎర్రటోపీ కనబడింది, పొగమంచులో ఒక గురివింద గింజంత ఎరుపు, తర్వాత మనిషి. దూకి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆవిడ వణుకుతోంది, నేను వణకట్లేదు. "అన్ని బిళ్ళలూ తెల్లగా ఉన్నాయమ్మా, అందరూ ఎక్కారని ఓడ మీదనుంచి చెప్పారు. పొగమంచు దిగిపోతోందని నేనూ గబగబా జెండాలు పీకేశాను. బండ వెనక చూడకపోవడం నా తప్పు" అంది. అంత పెద్ద మనిషి, నా తప్పు అని ఎంత తేలిగ్గా అనేసిందో! ఆ మాట నా నోట కాకుండా వేరే నోట వినడం నాకదే మొదలు.

మెట్ల దగ్గర అందరూ గుంపుగా నిలబడి ఉన్నారు. మా ఆయన మొహం పాలిపోయి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఎవరో ఆయన భుజం తట్టి, "మీరు కనిపెట్టబట్టి సరిపోయింది, ఎలా తెలిసిందండీ?" అని అడిగారు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. "కళ్ళు మండుతున్నాయండీ, చుక్కలమందు కనబడలేదు. ఎక్కడ పెట్టిందా అని వెతుకుతుంటే, అసలు మనిషే లేదని తెలిసింది." కొందరు నవ్వారు, మంచిగానే. నేను సంచి తీసి మందుసీసా ఆయన చేతిలో పెట్టాను.

గదిలోకి వచ్చాక తలుపు వేసి మంచం మీద కూలబడ్డారు. తర్వాత, "ఇదిగో, కెప్టెన్ పిలుస్తాడట. ఎవరు తిప్పారో తేలాలట. తిప్పినవాళ్ళు ఇక నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదట" అన్నారు.

"మీరే కదా తిప్పారు."

"అలవాటులో తిప్పేశానే. ఎలాగూ వెనక పడవలో వస్తావు కదా, మళ్ళీ నీకెందుకు శ్రమ అని."

ఆ మాట నిజమే. శ్రమ అనే అనుకుని ఉంటారు.

"రేపే ఆఖరి దిగడం. ఇప్పటిదాకా దీవులు, రేపు అసలు నేల. కంపెనీ బ్యానర్ పట్టుకుని అక్కడ ఫోటో దిగకపోతే మా మేనేజరుకి ఏం మొహం చూపించను? నువ్వో మాట చెప్పు. ఓడ ఎక్కి, బిళ్ళ తిప్పి, ఏదో మర్చిపోయి మళ్ళీ పడవలో వెనక్కి వెళ్ళానని చెప్పు. ఆడవాళ్ళు కదా, ఏమీ అనరు. అయినా నీకేముంది, నువ్వు చూసేశావుగా, అందరికంటే ఎక్కువసేపు!"

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వే. తప్పులకి మా ఇంట్లో ఒకటే చిరునామా. రైలు తప్పితే నేను చీర కట్టుకోవడం ఆలస్యమైంది. మా అమ్మాయికి మార్కులు తగ్గితే నేను పట్టించుకోలేదు. అత్తయ్య చేతిలోంచి జారి గాజుగిన్నె పగిలితే, దాన్ని నేను అక్కడ పెట్టకుండా ఉండాల్సింది. నేను కూడా ఎప్పుడూ కాదనలేదు. ఒప్పేసుకుంటే ఇల్లు చల్లబడుతుంది, అందరూ అన్నాలు తినేస్తారు, నేను గిన్నెలు కడుక్కుంటాను. ఆ లెక్కన ఈ ఒక్కటీ ఒప్పుకుంటే ఏం పోతుంది? రేపు ఆయన ఫోటో దిగి వస్తారు. నేను కిటికీ దగ్గర కూర్చుని, ఉప్పుడబ్బా జరిపి చూసినట్టు చూస్తాను. పోయేది అంతే. పోయేది అదే. "ఆడది తన ఇష్టప్రకారం నడిస్తే కొంపలు మునుగుతాయి" అని అత్తయ్య చాటంత నోరేసుకుని అనేవారు. మంచుగడ్డలు మాత్రం కిటికీ అవతల ఎవరి ఇష్టప్రకారమో నడుస్తున్నాయి.

కెప్టెన్ గది చిన్నది. ఆయన, పక్కన ఎర్రటోపీ, ఇటు మేమిద్దరం. కెప్టెన్ మెత్తగానే అడిగాడు. "అమ్మా, మీ బిళ్ళ మీరే తిప్పారా?"

మా ఆయన అలవాటుగా గొంతు సవరించుకుని, "ఆవిడ ఏమందంటే..." అని మొదలుపెట్టారు.

"ఆవిడని అడిగానండి" అన్నాడు కెప్టెన్.

నీళ్ళలో మంచు పెటపెటలాడటం అక్కడికి కూడా వినబడింది, లేదా నాకే వినబడిందో. "నేను తిప్పలేదండీ" అన్నాను. "ఓడ ఎక్కని మనిషి బిళ్ళ ఎలా తిప్పుతుంది?"

మా ఆయన నా వైపు చూశారు. కోపంగా కాదు, ఎవరో కొత్తమనిషి గదిలోకి వచ్చి కూర్చున్నట్టు చూశారు. తల దించుకుని, "నేనే తిప్పానండీ. తనదీ నేనే తిప్పేస్తాను ఎప్పుడూ" అన్నారు. ఆ 'ఎప్పుడూ' అన్న మాట చెప్పాక ఆయనకే ఏదో వినబడినట్టు ఆగిపోయారు.

పొద్దున్నే నేను లేచి తయారయ్యాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రపోవట్లేదని వీపు చూస్తేనే తెలుస్తోంది. నా కోటు పట్టీలో గింజలు నేనే ఏరుకున్నాను, నా ఒక్కదానివే. ఎంత త్వరగా అయిపోయిందో! ఇటు తిరగకుండానే, "పోనీ బ్యానర్ నువ్వు పట్టుకెళ్తావా?" అన్నారు.

"పట్టుకెళ్ళనండీ. ఇవాళ నాకు చేతులు ఖాళీగా కావాలి."

తలుపు దాకా వెళ్ళాక, "చుక్కలమందు ఎక్కడ?" అని చిన్నగా వినబడింది.

"నిన్న మీ చేతికే ఇచ్చాను" అని తలుపు దగ్గరికి వేశాను.

మెట్ల దగ్గర జనం వరసలో ఉన్నారు. నా వంతొచ్చింది. చెయ్యి ముందు నలభై మీదికే పోయింది, ఇంట్లో ముందు ఆయన కంచం పెట్టినట్టు. ఆపుకున్నాను. నలభై ఒకటి పట్టుకున్నాను. తేలిగ్గా ఉంది, చల్లగా ఉంది. తిప్పాను. ఎర్రటోపీ పక్కన నిలబడి చూస్తోంది. ఒక్క అడుగు వెనక్కి వేసి పలకని చూశాను. నలభై తెల్లగా, నలభై ఒకటి ఎర్రగా. పెళ్ళయ్యాక మొదటిసారి మా ఇద్దరి రంగులు వేరయ్యాయి. పడవలో కూర్చుని వెనక్కి తిరిగి చూశాను. కొంపా మునగలేదు, ఓడా మునగలేదు.

ఇదండీ సంగతి. మీకు తెలిసిన ఇళ్ళలో 'ఆవిడకీ అదే' అనే మాట వినబడుతుంటుంది కదా, ఆ ఆవిడకి ఈ కథ పంపించండి. కాకపోతే ఒక్క చిన్నమాట, ఆయన ఫోనుకి పంపి ఆవిడకి చూపించమనకండి. ఆవిడ ఫోనుకే పంపండి, పేరు పెట్టి పిలిచి మరీ.